ఓవర్ అంటే

ఎండుటాకు అంటుకుందామా వద్దా అని ఇంకా ఆలోచిస్తుండగానే పొగ పసిగట్టగల మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే. ఆయన్ని నేనెరుగుదును. కొండమీద కాపలా మంచెలో కూర్చుని, అడవిలో మంట కనబడితే వాకీటాకీలో చెప్పడం ఆయన పని. రోజుల తరబడి మనిషి జాడ ఉండదు. మాటా మంతీ అంతా ఆ పెట్టెతోనే. అందుకే ఇంటికొచ్చినా మాట చివర "ఓవర్" తగిలించేవాడు.

ఓ పొద్దున సెలవు మీద ఇంట్లో ఉన్నాడు. భార్య పోయాక మిగిలింది కూతురొక్కతే. కుట్టుమిషను ముందు కూర్చుంది.

"టీ బాగుందమ్మా. ఓవర్."

కూతురు పళ్ళతో దారం తెంపింది. "నెలల తరబడి నీకు జీతం లేదు. ఇల్లు నా సూదిమొన మీద నడుస్తోంది. వచ్చే వారం పట్నంలో బట్టల మిల్లులో చేరుతున్నా నాన్నా."

"నీ ఇష్టం తల్లీ. ఓవర్."

"అదిగో! అమ్మ పోయినప్పట్నుంచీ ఇంతే! రెండు ముక్కలనేసి ఓవర్ అంటావు. అయిపోయింది, ఇక నోర్ముయ్ అని! నాకూ చెప్పుకునేవి ఉండవా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఓసి పిచ్చితల్లీ, ఓవర్ అంటే అయిపోయిందని కాదే. నేను ఆగాను, ఇక నువ్వు చెప్పు అని. ఇన్నాళ్ళూ నువ్వేదో అంటావనే చెవులు రిక్కించుకుని కూర్చున్నాను."

మిషను ఆగిపోయింది. ఒకే గదిలో, ఒకరి మాట కోసం ఒకరు కాపలా కాశారన్నమాట. ఎవరిదో కొత్త జాకెట్టు అని కూడా చూడకుండా ఆ పిల్ల అందులోనే మొహం దాచుకుని ఏడ్చింది.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, "మరి జీతం అడగవేం?" అంది.

"అధికారి ముందు నోరు పెగలదమ్మా."

"అడిగి ఓవర్ అను. ఆయన చెప్పేదాకా కదలకు."

మర్నాడు అలాగే నిలబడ్డాడు. "మా మంచెల వాళ్ళ జీతాలెప్పుడిస్తారు సార్? ఓవర్."

అధికారి ఫైళ్ళు కదిపాడు. ఫ్యాను వంక చూశాడు. ఈయన మాత్రం కదల్లేదు. కాపలా కాయడం ఆయనకు కొత్తా? చివరికి అధికారే లేచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, సగం జీతం ఇప్పించాడు.

సగంతో ఇల్లు గడవదు. కూతురు మిల్లుకు వెళ్ళక తప్పలేదు. మంచె మీద ఆయన మళ్ళీ ఒంటరి. అయితే రోజూ పొద్దువాలే వేళకి, కూతురు కొనిచ్చిన ఫోను మోగుతుంది. పిల్ల గుక్క తిప్పుకోకుండా చెప్పి, చెప్పి, చివర "ఓవర్ నాన్నా" అంటుంది.

అన్నట్టు, ఆ ఎండుటాకు సంగతి వట్టి కోత. ఆయనే ఒకసారి మబ్బును చూసి పొగనుకుని అందర్నీ కొండెక్కించాడు. మిగతాదంతా నిజమే. అధికారి గదిలో కుర్చీ ఒక్కటే కథ కోసం నేను వేసింది. ఆయన్ని చివరిదాకా నిలబెట్టే మాట్లాడారు.