ఎవరి పేరుకి వాళ్ళే పలకాలి

ముందుగా ధర్మారావు మేష్టారి గొంతు గురించి చెప్పుకోవాలి. విజయనగరం గంటస్తంభం దగ్గర నిలబడి ఆయన ఒక్క పద్యం ఎత్తుకుంటే, నెల్లిమర్ల జూట్ మిల్లు కూలీలు సైరన్ మోగిందనుకుని షిఫ్టు దిగి వచ్చేసేవారు. ఓసారి సాలూరులో ఆరుబయట కొడుకు శవం మీద పడి ఏడ్చే వేషం వేస్తే, కొండ ఘాటీ దిగుతున్న లారీలన్నీ వరసగా ఆగిపోయాయి. డ్రైవర్లు దిగి తువ్వాళ్ళతో కళ్ళు ఒత్తుకున్నారు. నమ్మకపోతే వెళ్ళి అడగండి. ఆ డ్రైవర్లు ఇప్పుడు లేకపోవడం మేష్టారి తప్పు కాదు.

"నేను పేరు పెట్టి పిలిస్తే గోడైనా పలకాల్సిందేరా!" అనేవారాయన, కొత్తగా చేరిన ప్రతి శిష్యుడితోనూ.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

వాళ్ళది బట్టల కొట్టు కుటుంబం. అన్నదమ్ములు తానులు చింపుతుంటే ఈయన మాత్రం కుర్రతనంలో స్కాలర్‌షిప్పు మీద జర్మనీ పోయి అక్కడి నాటకాల బడిలో చదువుకొచ్చారు. డెబ్బై దాటాక ఆ విద్యంతా తెచ్చి, పూసపాటిరేగ అవతల సముద్రపొడ్డు పల్లెలో పెట్టారు. తుఫాను షెల్టరు మేడ మీద హాలు, కింద ఎండుచేపల వాసన, కిటికీ ఊచల్లోంచి ఉప్పు గాలి. సాయంత్రమైతే వేట నుంచి వచ్చిన కుర్రాళ్ళు, కాలేజీ నుంచి వచ్చిన ఆడపిల్లలు చేరేవారు. ఎవరి కుర్చీ వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోవాలి. అది జర్మనీ బడి పద్ధతి.

ఆ బడి మూతపడిందని ఈ వానాకాలంలోనే కబురొచ్చింది. ఎప్పుడో కలిసి చదువుకున్న ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. మేష్టారు ఆ పూట పాఠం చెప్పకుండానే ఇంటికెళ్ళిపోయారు. ఆయన పాఠం మానడం పల్లెలో ఎవరూ చూసి ఎరగరు. మర్నాడు మాత్రం కండువా విసిరి లేచారు.

"ఆ బడి చరిత్రే మన నాటకం! పరిషత్తు పోటీల్లో జడ్జీలు కుర్చీల్లోంచి లేవలేక ఏడవాలి!"

చరిత్ర చెప్పుకొచ్చారు. మొదటి యుద్ధం అయ్యాక, ఏటి ఒడ్డున ఓ పాత ఉప్పు గోదాములో మార్థా అనే నటి ఆ బడి పెట్టింది. బల్లలు కొనే స్తోమత లేక, ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకోండర్రా అంది. రెండో యుద్ధం వచ్చింది. మగపిల్లలు ఒక్కొక్కరే కుర్చీలు వదిలి పటాలంలోకి పోయారు. చలికి ఊరివాళ్ళు తలుపులూ కిటికీలూ పీకి మంటేసుకుంటున్నా ఆవిడ ఆ కుర్చీల్ని ముట్టనివ్వలేదు. బాంబు పడి పైకప్పు ఎగిరిపోతే, నెత్తిన మంచు పడుతుండగానే నాటకం నేర్పింది. రోజూ మొదలెట్టే ముందు అందరి పేర్లూ పిలిచేది. వచ్చినవాళ్ళవీ, రానివాళ్ళవీ. రానివాళ్ళ పేరు దగ్గర కాసేపు ఆగేది. అంతా ఊపిరి బిగబట్టి వినేవాళ్ళు.

ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. ఎవరి పేరుకి వాళ్ళే పలకాలి. ఒక చలికాలం ఓ చెల్లెలు తట్టుకోలేక అన్న పేరుకి తాను పలికిందిట. ఆ మర్నాటి నుంచి ఆ అమ్మాయి కుర్చీ కూడా ఖాళీ.

యుద్ధం ఆగింది, దేశం రెండైంది, బడి బోర్డు మీద పేరు మారింది. మార్థా పోయింది. కుర్చీలూ, ఆ పేర్లూ మాత్రం మేష్టారు వెళ్ళే నాటికి అలాగే ఉన్నాయి.

"నేను సంతలో ఓ చెక్క కుర్చీ కొన్నాను. అడుగున మేకుతో నా పేరు గీసుకున్నాను, తెలుగులో! జర్మనీ దేశంలో తెలుగు అక్షరం చెక్కిన మొదటివాణ్ణి నేనే! వచ్చేటప్పుడు మాత్రం..." ఇక్కడ ఆయన గొంతు కాస్త తగ్గేది. "మళ్ళీ వస్తానని చెప్పి అక్కడే వదిలేసి వచ్చాను."

నాటకంలో మార్థా వేషం కాలేజీ పిల్ల తులసికిచ్చారు. యుద్ధానికి పోయి తిరిగిరాని కార్ల్ వేషం భరణికి. భరణి కూర్మమ్మ ఒక్కగానొక్క కొడుకు. నల్లగా, సన్నగా, నవ్వితే హాలంతా వెలుగు. నీలం ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకున్నాడు. దాని చెయ్యి ఒకటి విరిగితే వల తాడుతో కట్టాడు. తల్లి రోజూ గుమ్మం పక్కన గోడకి చేరబడి, ఆ రోజు అమ్మగా మిగిలిన చేపలు బుట్టలో పెట్టుకుని, కొడుకు వేషం చూసేది.

"బాబూ, ఆ తిరిగిరాని ఏసం నా గుంటడికే ఎందుకిచ్చినావు? మరెవులూ దొరకలేదేటి?" అనేది.

"నీ కొడుకు కాకపోతే ఇంకెవడు చెయ్యగలడే కూర్మమ్మా! వాడికి పాఠం చెప్పింది ఎవరనుకున్నావు?"

పది రోజులు తిరక్కుండానే భరణీ, నాటకంలో తోటి కుర్రాడు నరేషూ వేటకి వెళ్ళిన ఫైబర్ బోటు అలకి బోర్లాపడింది. నరేష్ ఈదుకుంటూ ఒడ్డు చేరాడు. బోటూ కొట్టుకొచ్చింది. భరణి రాలేదు.

కూర్మమ్మ ఏడవలేదు. "ఒరిస్సా పక్కకి కొట్టుకుపోయుంటాడు. గోపాలపురం నించి ఫోను సేస్తాడు, సూడండి" అంటూ రోజూ కంచంలో అన్నం పెట్టి మూత వేసేది. ఎన్నాళ్ళని చూస్తారు? పల్లె పెద్దలు కర్మ చేసేద్దామన్నారు. ఆ పల్లెలో ఒక ఆచారముంది. సముద్రంలో పోయినవాడిని తెల్లారగట్ల ఒడ్డున నిలబడి పేరు పెట్టి పిలుస్తారు. ఇంటి మనిషెవరైనా "ఉన్నాడు" అని పలికితే కర్మ ఆగుతుంది. పలక్కపోతే ఆ మనిషి లేడన్నట్టే. తల్లి మనసు చెడిందని, రేపు ఆమెను ఒడ్డుకి రానివ్వొద్దని పెద్దలు తీర్మానించేశారు.

ఆ సాయంత్రం కళింగపట్నంలో హెచ్చరిక జెండా ఎగరేశారు. పొద్దు ఉండగానే ఆకాశం మసిగుడ్డలా అయిపోయింది. కరెంటు పోయింది. హాల్లో ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని మేష్టారు, తులసి, నరేష్ మాత్రమే ఉన్నారు. వాన మొదలైంది.

గుమ్మంలో కూర్మమ్మ.

"నువ్వు పిలిస్తే గోడ పలుకుతాదంటావు కదా బాబూ. రేపు ఆళ్ళు పిలవకముందే నా గుంటణ్ణి ఓపాలి పిలు. నీ గొంతు ఎంత దూరమున్నా ఇంటాడు."

"వద్దు మేష్టారూ" అన్నాడు నరేష్, నేల చూస్తూ.

మేష్టారు ఆమె మొహం చూశారు. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఎండిన నూతిలోకి తొంగిచూసినట్టుంది. ఎన్ని వేల మందిని ఏడిపించిన మనిషి! ఈ ఒక్క ఆడమనిషి కోసం కండువా సర్దుకుని లేచారు.

"పిలుస్తాను. కానీ ఎవరి పేరుకి వాళ్ళే పలకాలి. నువ్వు పలక్కూడదు. తెలిసిందా?"

ఆమె తలూపింది.

కుర్చీలు వరసలో వేశారు. తిరిగిరాని జర్మనీ పిల్లల కోసం నాటకంలో వేసే ఖాళీ కుర్చీలు మూడు. వాటి చివర భరణి నీలం కుర్చీ. మేష్టారు గొంతు సవరించుకున్నారు.

"తులసి."

"ఉన్నాను మేష్టారూ."

"నరేష్."

"ఉన్నాను."

"కార్ల్."

వాన చప్పుడు.

"ఎమిల్... యోహాన్..."

వాన. దూరంగా సముద్రం మూలుగు. మేష్టారు కళ్ళు మూసుకున్నారు. బొడ్డులోంచి లాగి, ఆయన జన్మలో ఎన్నడూ పిలవనంత గట్టిగా పిలిచారు.

"భరణీ!"

ఊచలు గింగురుమన్నాయి. పిలుపు సముద్రం మీదికి పోయింది. పోయి... ఎక్కడో ఆగింది.

ఏమీ లేదు.

"భరణీ..."

ఈసారి గొంతు జీరపోయింది. తులసి ఏడుపు ఆపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుంది.

"ఉన్నాడు మేష్టారూ!"

కూర్మమ్మ లేచి నిలబడి ఉంది.

"నా గుంటడు ఉన్నాడు! ఆడి అమ్మని, నాను పలుకుతన్నాను, ఉన్నాడు!"

"కూర్మమ్మా! ఏం పని చేశావే..."

ఆమె వినడం లేదు. తక్కిన మూడు కుర్చీల వైపు తిరిగింది.

"ఆ గుంటలకి ఎవులూ పలకరేటి బాబూ? ఆళ్ళకి అమ్మలు లేరేటి? ఇన్నేళ్ళ బట్టి పిలిసి పిలిసి వదిలీడమేనా?" అని, ఒక్కో కుర్చీ చూపిస్తూ, "ఈడూ ఉన్నాడు. ఈడున్నాడు. ఈ గుంటడూ ఉన్నాడు" అంది.

లైటు మినుకుమంది.

చలి వేసింది. వాన చలి కాదు. పళ్ళు కొట్టుకునే చలి. మేష్టారు ఆ చలిని ఎరుగుదురు. కుర్రతనంలో ఒక్క ఏడాది అనుభవించిన చలి. దానితోపాటే కాలిన చెక్క వాసన...

మెట్ల మీద చప్పుడు. బరువైన బూట్లు. ఒక జత... కాదు. మరొకటి. వాటి వెనక చెప్పుల్లేని కాళ్ళు, తడి కాళ్ళు, మెల్లగా.

నీలం కుర్చీ కిర్రుమంది.

వల తాడు బిగుసుకుంది. ఎవరో చెయ్యి ఆనించినట్టు. కుర్చీ కాళ్ళ కింద నీళ్ళు చేరుతున్నాయి.

"తడిసిపోనావురా నాయినా" అంది కూర్మమ్మ. కొంగుతో గాలిని తుడిచింది. తలా, భుజాలూ, వీపూ... పసిపిల్లాడికి స్నానం చేయించి తుడిచినట్టు. "కంచంలో అన్నం ఉన్నాది. పద. మీరూ రండి బాబూ. అందరికీ సరిపోతాది."

లైటు ఆరిపోయింది.

మెట్లు దిగుతున్న చప్పుడు. ఆమె కాళ్ళవి ఒక్కటే కాదు...

నరేష్ ఫోను లైటు వేసేసరికి హాల్లో ముగ్గురే ఉన్నారు.

రాత్రంతా పల్లెకి పల్లే వెతికింది. ఆమె ఇల్లు బయట తాళం వేసి ఉంది. పగలగొట్టి చూస్తే కంచం ఖాళీ, కడిగి బోర్లించి ఉంది.

తెల్లవారింది. వాన వెలిసింది. పెద్దలు ఒడ్డున నిలబడి భరణి పేరు పిలిచారు. ఎవరూ పలకలేదు. కర్మ ఖాయమైంది. ఆ తర్వాత అందరూ మేష్టారి వైపు చూశారు. కూర్మమ్మ కూడా సముద్రంలోకే పోయి ఉంటుంది, ఆమెనూ పిలవాలి కదా. ఆమెకి పలికే ఇంటి మనిషి ఎవరూ మిగల్లేదు.

మేష్టారికి పిలవాలని లేదు. కానీ పిలవకుండా ఆ తల్లిని ఎలా వదిలెయ్యడం?

"కూర్మమ్మా..."

నెల్లిమర్ల దాకా వినబడే గొంతు, పక్కవాడికి మాత్రమే వినబడింది.

జవాబు సముద్రం నుంచి రాలేదు. వెనక నుంచి వచ్చింది. తాళం వేసిన షెల్టరు మేడ మీది నుంచి. ముగ్గురు నలుగురు పడుచు కుర్రాళ్ళు ఒక్కసారిగా, నోరు తిరగని యాసలో:

"ఉన్నాది మేష్టారూ."

పెద్దలు కదల్లేదు. మేష్టారే ముందు నడిచారు. వెనక నరేష్, తులసి. తాళం తీశారు.

మూడు కుర్చీల్లోనూ నీళ్ళు నిలిచి ఉన్నాయి. నరేష్ వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. ఉప్పు లేదు. ఐసు నీళ్ళు. భరణి కుర్చీ మాత్రం శుభ్రంగా తుడిచి ఉంది. దాని పక్కన, కూర్మమ్మ ఇంట్లో ఉండాల్సిన చేపలు కోసే పీట. ఇంటి నుంచి తెచ్చుకున్నట్టుంది.

వరస చివర ఇంకొకటి ఉంది. నిన్న లేదు. పాతకాలపు చెక్క కుర్చీ, ఒక కాలు మసిబారి, ఎవరి కోసమో కాస్త పక్కకి తిప్పి పెట్టినట్టు.

మేష్టారు గుమ్మంలోనే గోడ పట్టుకుని నిలబడిపోయారు.

తులసి వంగి కుర్చీని ఒరిగించింది. "మేష్టారూ, అడుగున ఏటో గీసున్నాది... మన తెలుగే. అరిగిపోనాది."

"చదవకే... పైకి చదవకు..."

పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. జన్మలో మొదటిసారి ఆయనకి గొంతు లేదు.

తులసి వేలితో మసి తుడుచుకుంటూ కూడబలుక్కుంది.

"ధ... ర్మా... రా..."

మెట్ల కింద ఎవరో పలకడానికి గొంతు సవరించుకున్నారు.