ఎవరూ తీయని పొర

ఐవిన్ సైకిల్‌ని క్రేన్ నీళ్లలోంచి పైకి లాగింది. ఐవిన్‌ని అంతకు ముందు రోజే తీశారు.

రేవు పక్కన ఆపిన కారులో కూర్చుని తూరున్ ఆ సైకిల్‌నే చూస్తోంది. బెర్గెన్ వాన అద్దం మీద జారుతోంది. హ్యాండిల్‌కి బెల్ లేదు. ఎవరో మర వదులు చేసి తీసినట్టుంది.

"ప్రమాదమని రాసేశారు పోలీసులు," అన్నాడు పక్కనున్న హాల్‌వార్డ్. రహస్య విభాగంలో ఆమె పై అధికారి. "పోయే ముందు నాకు ఫోన్ చేశాడు. మనుషులు రాసిన సోర్స్ కోడ్ శుభ్రంగా ఉంది, దాంతో కట్టిన ఇమేజ్‌లో విషం ఉంది అన్నాడు. అంతే."

ఇమేజ్ అంటే ఫెర్రీని నడిపే కంప్యూటర్‌లోకి ఎక్కించే మూట. ఫెర్రీ బుర్రంతా అందులోనే ఉంటుంది. ఆ మూట కట్టే కంపెనీలో ఐవిన్ ఇంజనీరు.

"విషం ఏం చేస్తుంది?"

"దాన్ని పెట్టిన ముఠా ఫోన్లు విన్నాం. మే పదిహేడు మధ్యాహ్నం పన్నెండింటికి స్టీరింగ్‌ని బిగించేస్తుంది. ఫ్యోర్డ్ సముద్రపు పాయలో తిరిగే ఫెర్రీలన్నిట్లోకీ ఇప్పటికే చేరిపోయింది."

మే పదిహేడు జాతీయ పండుగ. ప్రతి ఫెర్రీ నిండా బ్యాండు మేళాల పిల్లలే ఉంటారు. తూరున్ కూతురు ఇల్వా కూడా.

"ఆపేయండి ఫెర్రీలు!"

"ఒక్కటి టైముకి కదలకపోయినా ముఠాకి తెలిసిపోతుంది. విదేశంలో కూర్చుని అక్కడికక్కడే మీట నొక్కుతారు. మిగతావి నీళ్ల మధ్యలో ఉంటాయి. శుభ్రమైన ఇమేజ్ ఒకటే దారి. నువ్వు పాత ఇంజనీరువి. ఇమేజ్ కట్టే పద్ధతిని, అదే బిల్డ్‌ని, సులువు చేయడానికొచ్చిన కన్సల్టెంట్‌గా వెళ్తావు. లోపల మన మనిషి ఉంది. గుర్తుగా, వాఫెల్ అట్లలో ఏలకులు వేశారా అని అడుగుతుంది. మా ఇంట్లో వేయరు అని చెప్పు."

"ఇల్వాకి..."

"చెప్పకూడదు. తెలుసుగా."

*

ఏలకుల సంగతి అడిగింది వెండెలా. కొత్త ఇమేజ్‌లను ఫెర్రీలకు విడుదల చేసే విభాగానికి అధిపతి. ఇమేజ్ మీద డిజిటల్ సంతకం చేసే బుల్లి తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. ఆ సంతకం లేనిదే ఏ ఫెర్రీ ఇమేజ్‌ని తీసుకోదు. ఎర్ర కోటు, పొడుగు మెడ, నడిచి వెళ్తే తలలన్నీ తిరిగేవి. మూడేళ్లుగా ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకు కబుర్లు చేరవేస్తోందని హాల్‌వార్డ్ చెప్పాడు.

"ముసలాయన అస్బ్యోర్న్‌తో జాగ్రత్త," అని చెవిలో చెప్పింది. "ఈ బిల్డ్ రాసింది ఆయనే. ఎవర్నీ తాకనివ్వడు."

నిజంగానే తాకనివ్వలేదు. ఇరవయ్యేళ్లుగా బిల్డ్‌లో పొర మీద పొర పేర్చుకుంటూ వచ్చాడాయన. ఒక్క ఇమేజ్ తయారవ్వాలంటే కింది గదిలో పెద్ద మెషీన్ ఓ పగలూ ఓ రాత్రీ మరగాలి.

"ఈ పొర ఎందుకుంది?" అడిగింది తూరున్.

"తీస్తే అంతా కూలిపోతుంది."

"ఎందుకు పెట్టారని అడుగుతున్నా."

"గుర్తులేదమ్మాయ్. నువ్వు నిన్నగాక మొన్నొచ్చావు. నీకేం తెలుసు?"

"తీసి చూద్దాం."

"నా శవం మీదుగా తియ్!"

ఆ మాటకి ఇద్దరూ ఐవిన్ ఖాళీ కుర్చీ వైపు చూసి ఆగిపోయారు.

ఆయన కాఫీకి లేవగానే తీసేసింది. ఏదీ కూలలేదు. మర్నాడు ఇంకోటి తీసింది. తిట్టీ తిట్టీ అలిసిపోయి, చివరికి ఆయనే కుర్చీ పక్కకు లాక్కుని, "ఇది కూడా దండగే, పీకేయ్," అనడం మొదలుపెట్టాడు. ఒక్క పొర దగ్గర మాత్రం చెయ్యి పట్టుకున్నాడు. "ఇది వద్దు. నీకు పుణ్యముంటుంది." అది వదిలేసింది. అందులో విషం లేదని ఇద్దరూ అక్షరం అక్షరం చదివి చూశారు.

పొరలన్నీ పోయాక ఐవిన్ కనిపెట్టినది ఆమెకీ కనబడింది. పెద్ద మెషీన్ టైము కలిసొస్తుందని పాత ముక్కల్ని దాచుకుని, ప్రతి కొత్త ఇమేజ్‌లోనూ వాటినే కలుపుతోంది. విషం ఆ ముక్కల్లో ఉంది.

"నిన్నటి పెరుగుతోనే ఇవాళ్టి పాలు తోడేస్తున్నారు," అంది తూరున్. "ఒకసారి విరిగితే ఇక రోజూ విరుగుడే."

అస్బ్యోర్న్ మొహం పాలిపోయింది. "పిల్లాడు, ఐవిన్, అదే చెప్పబోయాడు. నేను అరిచి పంపేశాను."

ఆ సాయంత్రం తూరున్ ఇంటికొచ్చేసరికి తలుపు తాళం వేసే ఉంది. వంటింటి బల్ల మీద సైకిల్ బెల్ ఒకటి ఉంది. ఎవరో ఇప్పుడే నీళ్లలో ముంచి తీసినట్టు తడిగా ఉంది.

ఆమె దాన్ని తాకలేదు. గదులన్నీ వెతికింది, మంచం కింద కూడా. ఇల్వా ఇంటికొచ్చి క్లారినెట్ సాధన చేస్తుంటే పక్కనే నిలబడి విన్నది.

"అమ్మా, ఎందుకలా చూస్తున్నావ్? తప్పు వాయించానా?"

"లేదు. వాయించు."

పండుగకి జ్వరం వచ్చిందని చెప్పి పిల్లని ఇంట్లో ఉంచేయొచ్చు. మరి బ్యాండులో మిగతా పిల్లలో? వాళ్లందరి అమ్మలూ ఆమెకు తెలుసు.

*

పండుగ పొద్దున తూరున్ వంటింట్లో ఇల్వా యూనిఫాం ఇస్త్రీ చేస్తుంటే, పక్కన చిన్న లాప్‌టాప్ ఇమేజ్ కడుతోంది. పాత ముక్క ఒక్కటి లేకుండా, మొదటినుంచీ. చొక్కా కాలర్‌కొచ్చేసరికి అయిపోయింది. అదే పని అస్బ్యోర్న్ తన ఇంట్లో చేశాడు. ఇమేజ్‌లో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్యని ఇద్దరూ ఫోన్‌లో చదువుకున్నారు. ఒక్క అంకె తేడా లేదు.

ఇక సంతకం కావాలి. ఫెర్రీ మీదే చేస్తానంది వెండెలా. జనంలో ఎవరూ పట్టించుకోరు, ఫెర్రీ కదిలేలోపు దిగిపోతాను, రేవులో వేరే పనుంది అంది.

కేకు డబ్బా అడుగున లాప్‌టాప్ పెట్టి, పైన వాఫెల్స్ పేర్చి, తూరున్ ఫెర్రీ ఎక్కింది. డెక్ నిండా జెండాలు, ఊరూరి సంప్రదాయ దుస్తులు, వెండి నగలు. ఒక మూల ఇల్వా మేళం వాద్యాలు శ్రుతి చేసుకుంటోంది. పన్నెండు దగ్గర పడుతోంది.

వెండెలా వచ్చింది. హార్డాంగర్ ప్రాంతపు దుస్తుల్లో బొమ్మలా ఉంది. తలకి తెల్లటి మడతల గుడ్డ, రెక్కల్లా విచ్చుకుని.

"ఎంత అందంగా ఉన్నావో!" అంది తూరున్. "మీ ఆయన రాలేదా?"

"ఆయనా? పెళ్లికి నాకు తీరికేదీ!" పకపకా నవ్వింది.

తూరున్ కూడా నవ్వింది. చూపు మాత్రం తలగుడ్డ మీదే ఉంచింది. ఆ తలగుడ్డ పెళ్లైన ఆడవాళ్లది. పెళ్లికాని పిల్ల మెట్టెలు పెట్టుకుని తిరిగినట్టే. ఇక్కడ పెరిగిన ఏ పిల్లకైనా అమ్మమ్మ మొదట చెప్పేది అదే. వెండెలా తన అమ్మమ్మది హార్డాంగర్ అని ఆఫీసులో పదిమందికి చెప్పింది. అంటే ఆ అమ్మమ్మే లేదు. ఈమె దుస్తుల్ని బొమ్మల్లో చూసి, అన్నిటికన్నా అందమైనది కొనుక్కుంది.

వెండెలా గుండెల మీది వెండి బ్రోచ్ నగని విప్పి, లోపలున్న తాళంచెవిని లాప్‌టాప్‌కి గుచ్చింది. ఒక్క క్షణం. "అయిపోయింది. పంపించెయ్."

సంతకం పక్కన చేరాలి గాని ఇమేజ్ సంఖ్య మారకూడదు. తూరున్ తెర చూసింది. పొద్దున చదువుకున్న మొదటి అంకె ఏడు. ఇక్కడ రెండు. తాళంచెవితో పాటు వేరే ఇమేజ్ వచ్చి కూర్చుంది.

"ఏంటలా చూస్తున్నావ్?" వెండెలా గొంతు మారలేదు. "బెల్ అందిందా? నీ కూతురు బాగా వాయిస్తుందట. నోరు మూసుకుని మీట నొక్కు. నేను వెళ్లాలి."

ఆమె మెట్లవైపు తిరిగింది. తూరున్ మేళం వైపు తిరిగింది. గట్టిగా కేకేసింది.

"ఇల్వా! జాతీయ గీతం! ఇప్పుడే!"

"అమ్మా, అది దిగాక కదా..."

"ఇప్పుడే వాయించు!"

ఇల్వా బిత్తరపోయి అమ్మ మొహం చూసింది. అందులో ఏం కనబడిందో, క్లారినెట్ పెదాలకు ఆనించి ఒంటరిగా మొదలుపెట్టింది. రెండో చరణంలో డ్రమ్ము అందుకుంది, తర్వాత మేళమంతా. డెక్ మీద జనమంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. మెట్ల మీదా, దారిలోనూ, ఎక్కడివాళ్లక్కడే. వెండెలా తోసుకుంటూ వెళ్లబోయింది. ఒక పెద్దావిడ మోచేయి పట్టుకుని ఆపింది. "సిగ్గు లేదూ? గీతం అయ్యేదాకా నిలబడు. ఆ తలగుడ్డేంటి, మొగుడేడీ?"

గీతం పూర్తయ్యేసరికి రేవు మీదికి వాల్చిన ర్యాంపు లేచిపోయింది. ఫెర్రీ సరిగ్గా టైముకే కదిలింది. రేవుకీ ఫెర్రీకీ మధ్య నల్లటి నీళ్లు వెడల్పవుతున్నాయి.

వెండెలా వాటిని చూసింది. గడియారం చూసింది. ఆ అందమైన మొహంలో భయం మొదటిసారి కనబడింది.

"నాకు ఈత రాదు," అంది.

"ఐవిన్‌కి వచ్చు," అంది తూరున్. "సంతకం చెయ్. ఈసారి నేను కట్టినదాని మీద."

వెండెలా తాళంచెవి మళ్లీ గుచ్చింది. మొదటి అంకె ఏడు. తూరున్ దాన్ని అన్ని ఫెర్రీలకూ పంపే మీట నొక్కి కెప్టెన్ గదికి పరిగెత్తింది. కొత్త ఇమేజ్ ఎక్కుతుంటే అక్కడి తెరలన్నీ నల్లబడ్డాయి. మోటారు గొంతు ఆగిపోయింది. ఎదురుగా బండరాళ్ల ఒడ్డు పెద్దదవుతోంది.

"లే," అంది కంప్యూటర్‌తో, బడికి లేవని పిల్లతో అన్నట్టు. "లే తల్లీ, లే."

పాత ఇమేజ్ అయితే లేవడానికి పావుగంట పట్టేది. ఇందులో మోయడానికేమీ మిగల్లేదు. తెర వెలిగింది. చుక్కాని తిరిగింది. రాళ్లు పక్కకు తప్పుకున్నాయి. గోడ గడియారం పన్నెండు కొట్టింది. ఫోన్‌లో హాల్‌వార్డ్ ఊపిరి వినబడింది. "అన్ని ఫెర్రీలూ సరే. తూరున్? అన్నీ సరే."

ఆమె నేల మీదే కూర్చుండిపోయింది.

అవతలి రేవులో పోలీసులు వెండెలాని దింపుతుంటే ఇల్వా ఐస్‌క్రీం పట్టుకుని వచ్చింది. "నీవల్ల శ్రుతి తప్పాను. ఊరంతా విన్నారు."

తూరున్ పిల్లని ఊపిరాడనంత గట్టిగా పట్టుకుంది. అప్పుడే ఫోన్ మోగింది. అస్బ్యోర్న్.

"అమ్మాయ్, నిన్ను తీయనివ్వలేదే, ఆ ఆఖరి పొర. ఇప్పుడే తీసేశాను. ఏమీ కూలలేదు. ఎందుకు పెట్టానో కూడా గుర్తొచ్చింది."

"ఎందుకు?"

"దాని కిందున్న పొర తీయడానికి భయమేసి."