ఏ గట్టు నుంచి ఒకటి?

గన్నవరంలో విమానం దిగిన అరగంటకే ఏజెంట్ ఖయ్యూమ్ యూపీఎస్ మెకానిక్ అయిపోయాడు. ఖాకీ చొక్కా, జేబులో టెస్టర్, చెవిలో శనగగింజంత రిసీవర్.

"మూడింటికి వరద నది మీది రెగ్యులేటర్ గేట్లని తాకుతుంది," రిసీవర్‌లో చీఫ్ గొంతు. "అదే టైముకి విదేశీ ముఠా ఫోన్ లైన్లో మన సిస్టమ్‌లోకి దూరి పడమటి గేట్లు ఎత్తేస్తుంది. పడమటి గట్టున పల్లెపాలెం మునుగుతుంది. గేట్లు నడిపే కంప్యూటర్ స్క్రీన్లు కొత్తగా రాయించాలా, పాతవే ఉంచాలా? నువ్వే తేల్చు."

పటమట కంట్రోల్ రూమ్‌లో మానిటర్ ముందు కూర్చున్నది సూరయ్య. పల్లెపాలెం జాలరి బిడ్డ, పాత ఆపరేటర్.

"పదేళ్లలో ఏడుగురు రాశారు బాబూ," అన్నాడు. "ఒకడి ఓకే బటన్ కుడివైపు, ఇంకోడిది ఎడమవైపు. ఏడుగురు కోడళ్లు సర్దిన వంటిల్లు. ఉప్పు డబ్బా ఎక్కడుందో నాకే తెలుసు."

"గేట్ల నంబర్లు?"

"కంట్రోల్ స్క్రీన్ రాసినోడిది పడమటి గట్టు. అటునుంచి ఒకటి. ఎమర్జెన్సీ స్క్రీన్ రాసినోడిది తూర్పు గట్టు. వాడి గుమ్మం ముందున్నదే ఒకటి."

"ఎవరూ మార్చమనలేదా?"

"ఊళ్ల పరువండీ. ఎవడు తగ్గుతాడు? మొన్న కొత్త షిఫ్ట్ వాళ్లు తప్పు నొక్కబోతే చెయ్యి పట్టుకున్నా."

తలుపు తెరుచుకుంది. ముందు అత్తరు వాసన, వెనకే నల్ల కళ్లద్దాలు.

"గుణదల తిరునాళ్లకి బస్సుందా?" అందామె.

"ఉంది. నిలబడి వెళ్లాలి."

కోడ్ కుదిరింది. ఫరహత్. ముఠా జీతం తింటూ మనకి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. పైకి సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్.

"కొత్త వెర్షన్," అంటూ సీడీ చూపించింది. "అన్ని స్క్రీన్లూ ఒకే తీరు. నంబర్లన్నీ పడమటి నుంచే."

"ఇంత శుభ్రం ఎవరు కోరారు?"

ఫరహత్ కళ్లద్దాలు తీసింది. "ముఠా వాళ్లే. వాళ్ల దగ్గరున్న మ్యాప్ దీనిదే. పాతదాంట్లో వాళ్లకి దారి తెలీదు ఖయ్యూమ్ గారూ."

ఖయ్యూమ్ గడియారం చూశాడు. రెండుంపావు.

"పైన రంగులు కొత్తవి వెయ్యి. లోపల ఒక్క లైను ముట్టుకోకు. అయిపోయిందని వాళ్లకి కబురు పంపు."

పని ముగించి ఆమె ఫోన్ తిప్పింది. "చీర ఇస్త్రీ అయింది."

"ఈవిణ్ణి నమ్మొచ్చా?" సూరయ్య గొణిగాడు.

"మూడింటికి తెలుస్తుంది."

మూడు. మౌస్ బల్ల మీదే ఉంది. తెరమీద బాణం మాత్రం కదిలింది.

ఖయ్యూమ్ చెయ్యి ఫోన్ తీగ మీద పడింది. లాగితే ముఠా తప్పించుకుంటుంది. ఫరహత్ హెడ్‌ఫోన్ పెట్టుకుని లైన్లో వాళ్ల జాడ వెతుకుతోంది. ట్రేస్‌కి తొంభై సెకన్లు కావాలి.

"లాగెయ్యండి బాబూ! మా ఇంటిది మంగాయమ్మ పాలెంలోనే ఉంది!"

బాణం మ్యాప్‌లో రాసినట్టే ఎమర్జెన్సీ స్క్రీన్‌లోకి వెళ్లింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. క్లిక్.

వైర్‌లెస్ గరగరలాడింది. "తూర్పు గేట్లు లేస్తున్నాయ్! నీరంతా సముద్రానికే పోతోంది!"

బాణం ఆగింది. వాడికి తెలిసిపోయింది. జర్రున కంట్రోల్ స్క్రీన్‌లోకి జారి, పడమటి గట్టు 'ఒకటి' మీద నిలబడింది.

"ఫరహత్!"

హెడ్‌ఫోన్ నొక్కి పట్టుకుందామె. "ఇంకొక్క క్షణం... దొరికాడు! గుణదల లాడ్జి!"

ఖయ్యూమ్ లాగాడు. తీగ పుటుక్కున తెగింది. బాణం ఈగలా అతుక్కుపోయింది.

"ఇంతకీ ఏం తేల్చావ్?" చీఫ్ అడిగాడు.

"రాయించాల్సిందే సార్. కానీ వరద తగ్గాక, ఒక్కో స్క్రీనూ, సూరయ్య గారి పక్కన కూర్చుని."

సూరయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "అట్టాగే కానివ్వండి. ఒకటి మాత్రం మా గట్టు నుంచే మొదలెట్టించండి."