ఖాళీ లేని గడి

ఉదయం తొమ్మిదిన్నర. గుమ్మడిగూడెం శాఖా గ్రంథాలయంలో గోడకున్న చిన్న కెమెరా సంతకాల రిజిస్టరు చదువుతోంది. నాలుగో వరుసలో సంతకం కాస్త వంకరగా ఉందని దానికి అనుమానం వచ్చింది. నిన్నటి సంతకంతో పోల్చి చూసుకుని, సమాధానపడి, ఆ రోజు పాఠకుల్లో ఒకరిని చేర్చుకుంది. ఆ యంత్రం పేరు లేఖిని. 2058లో కొండల మీది గ్రంథాలయాలకు అది దేవుడిచ్చిన వరమని అందరూ అనుకున్నారు.

ఎందుకనుకున్నారో చెప్పాలి. ఆ ఊళ్లో సెల్ టవరు లేదు. ఉన్నదల్లా గ్రంథాలయం డాబా మీది శాటిలైట్ డిష్షు. బడులకూ గ్రంథాలయాలకూ ప్రభుత్వం రాయితీ మీద ఇచ్చే లింకు అది. రాయితీ ఊరికే వస్తుందా? మూడు నెలలకోసారి నలభై ఒక్క ఫారాలు నింపాలి. లింకు ఎవరు వాడారు, ఎందుకు వాడారు, వాడని రోజున ఎందుకు వాడలేదు. లైబ్రేరియన్ సోడె జానకమ్మ వారంలో మూడు రోజులు తలుపులు మూసుకుని ఆ ఫారాల మీదే కూర్చునేది. జనం వాడుతున్నారని రాయడానికి జనాన్ని బయట నిలబెట్టాల్సి వచ్చేదన్నమాట. ఆరేళ్ల కిందట ఒక ఫారంలో ఒక్క గడి ఖాళీగా వదిలేసింది. లింకు తీసేశారు. ఎనిమిది నెలల పాటు ఆ డిష్షు కాకులు వాలడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. ఆ భయం ఆమెను ఇప్పటికీ వదల్లేదు.

ఏడాది కిందట రాజమండ్రి నుంచి డాక్టర్ ఇమ్మానుయేలు తను తయారుచేసిన లేఖినిని తెచ్చి పెట్టాడు. బియ్యం డబ్బా అంత పెట్టె, దానికో తెర, గోడకో కెమెరా. రిజిస్టరునూ లింకు మీటరునూ తనే చూసుకుంటుంది, ఫారాలు నింపుతుంది, రాజధాని నుంచి ప్రశ్న వస్తే ఫొటోలతో సహా జవాబు పంపుతుంది. జానకమ్మ వేలిముద్ర వేస్తే చాలు. అప్పటినుంచి గ్రంథాలయం తలుపులు వారంలో ఆరు రోజులూ తెరిచే ఉన్నాయి.

యంత్రం ఏడాదిగా ఎలా నడిచిందో చూసుకుందామని ఆ రోజు ఇమ్మానుయేలు వచ్చాడు. అదే రోజు పూనెం నాగమణికి లెక్కల పరీక్ష.

నాగమణి పదకొండేళ్లుగా అంగన్‌వాడీలో ఆయా. పది పాసైతే టీచరు కావచ్చు. ముప్పై అయిదు దాటితే ఆ అవకాశం లేదు. ఆమెకు నెలాఖరుకు ముప్పై అయిదు నిండుతాయి. ఓపెన్ స్కూలు పరీక్షల్లో మిగిలింది లెక్కలొక్కటే, అదీ ఆన్‌లైన్లో. పది గంటలకు మొదలు. పదిన్నర లోపల లాగిన్ కాకపోతే హాజరు కానట్టే.

పదయింది. గ్రంథాలయం కంప్యూటరు ముందు నాగమణి కూర్చుంది, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

ఇమ్మానుయేలు లేఖిని పక్కన వంగి చూశాడు.

"రాజధానిలో మొన్న సోమవారం పరిశీలన యంత్రం పెట్టారు. ఇది జవాబు పంపిన క్షణంలోనే అది ఇంకో ప్రశ్న వేస్తోంది. ప్రభుత్వ శాఖ ఉత్తరాలకే లింకులో ముందు దారి ఇవ్వాలని నిబంధన. అందుకని వేరే ఏదీ కదలడం లేదు."

"ఆ యంత్రం చేసిందెవరు సార్?" అంది జానకమ్మ.

"నేనే," అన్నాడతను. "రెండూ ఇంత సేపు మాట్లాడుకుంటాయని అనుకోలేదు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయింది.

అతను స్విచ్చు మీదికి చెయ్యి చాపాడు. జానకమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"మధ్యలో ఆపితే ఏమైతది?"

"అసంపూర్తి అని నమోదవుతుంది."

"గడి ఖాళీ పెట్టినట్టే గదా మరి. ఎనిమిది నెలలు చూసిన సార్ నేను. జర ఆగుదాం. ఒక్క ప్రశ్నే ఉందంటోంది."

నిజమే. లేఖిని తెర మీద 'ఇంకా ఒక్క ప్రశ్న' అనే ఉంది. జవాబు వెళ్లిన ప్రతిసారీ మళ్లీ అదే మాట వస్తోంది. ఇమ్మానుయేలు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. భయం ఆమెదే కావచ్చు గాని, స్విచ్చు ఎక్కడుందో అతనికీ తెలుసు. ఆ తప్పులో సగం అతనిదేనని నేనంటాను.

నాగమణి హాల్‌టికెట్టు మడత విప్పింది, మళ్లీ మడిచింది.

"అక్కా, పదీ ఇరవై అయింది."

"అయిపోవచ్చింది తల్లీ."

పదిన్నరకు నాగమణి గడియారం వైపు చూడటం మానేసింది. పదకొండుకు యంత్రాలు రెండూ ఊరుకున్నాయి, లింకు వచ్చింది, పరీక్ష పేజీ తెరుచుకుంది. 'అభ్యర్థి గైర్హాజరు' అని ఉంది అందులో. జానకమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, వేయలేక ఊరుకుంది. నాగమణి పెన్ను సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

నెల తిరిగాక రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. యంత్రాల ప్రశ్నలూ జవాబులూ కూడా లెక్కలో కలిసి, ఆ మూడు నెలల్లో జిల్లా మొత్తం మీద లింకును ఎక్కువగా వాడింది గుమ్మడిగూడెమే కాబట్టి మరో అయిదేళ్లు రాయితీ పొడిగిస్తున్నారట. దాంతో పాటు నలభై రెండో ఫారం. లింకు వల్ల బాగుపడిన ఒకరి పేరు, సంతకం కావాలి. లేఖిని తనకు తెలిసినంతలో వెతికి, పరీక్ష కోసం పేరు నమోదు చేసుకున్నది ఒక్కరేనని చూసి, పూనెం నాగమణి అని నింపేసింది.

జానకమ్మ ఆ కాగితం పట్టుకుని అంగన్‌వాడీకి వెళ్లింది. "నన్ను తిట్టు నాగమణీ, పడతా. తప్పు నాదే," అంది.

నాగమణి పిల్లల గిన్నెలు కడుగుతోంది. చేతులు తుడుచుకుని, ఫారం మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"సంతకం పెట్టకపోతే?"

"లింకు తీసేస్తరు."

"మా చెల్లె బిడ్డ వచ్చే ఏడు పది రాస్తది," అంది నాగమణి. "పెన్నియ్యక్కా."

పరీక్ష కోసం నేర్చుకున్న గుండ్రటి చేతిరాతతో, గీత దాటకుండా సంతకం పెట్టింది.

గ్రంథాలయంలో కెమెరా ఆ కాగితాన్ని ఒక్కసారి పైనుంచి కిందికి చూసింది. తెర మీద ఒక వాక్యం వచ్చింది. 'ధన్యవాదాలు. ఏ గడీ ఖాళీగా లేదు.'