కిరణపొర విన్న మాట

కాకినాడలో జనం పగటిపూట వీధిలోకి రావడం మానేసి రెండు తరాలైంది. పైన ఓజోను పొర పల్చబడిపోయాక ఎండ ఒంటిమీద పడితే పుండే. బళ్ళూ బజార్లూ పొద్దుగూకాకే తెరుస్తారు. పగలంతా జనం కిటికీల దగ్గర కూర్చుని ఖాళీ రోడ్డు చూస్తూ కాఫీ తాగుతారు. అంత ధీమాగా కూర్చోగలుగుతున్నారంటే అది మందాకిని పుణ్యమే.

కిరణపొర ఆవిడ కనిపెట్టిందే. కిటికీ గాజుకు లోపలివైపు అంటించే పల్చటి ఫిల్మ్ అది. పాతకాలపు ఫిల్ములు అతినీలలోహిత కిరణాలను గుడ్డిగా ఆపేసేవి. కానీ అవి బొత్తిగా అందకపోతే ఒంట్లో విటమిన్ డి తయారవదు, ఎముకలు గట్టిపడవు. కిరణపొర అలా కాదు. గదిలో ఎవరున్నారో చూసి, ఎవరికెంత కావాలో అంతే కొలిచి, ఒంట్లో ఏ భాగానికి కావాలంటే ఆ భాగానికే పంపుతుంది. దానికి బటన్లు లేవు, అడిగితే మాటల్లోనే జవాబు చెబుతుంది. ముసలివాళ్ళు బటన్లతో తంటాలు పడుతున్నారని, ఇంట్లోవాళ్ళ మాటలు వింటూ వాళ్ళ ఇష్టాయిష్టాలు తనే కనిపెట్టేలా తయారుచేసింది మందాకిని. నోరు తెరిచి అడగక్కర్లేదని సభల్లో చెప్పుకుని మురిసిపోయేది. మురిసిపోవడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు.

ఒక సాయంత్రంతో ఆ మురిపెం దిగిపోయింది. ఆమె ఏడేళ్ళ కూతురు వకుళ మంచం దిగబోతే కాలు పుటుక్కున విరిగింది. పడలేదు, దూకలేదు. దిగిందంతే.

ఎముకల డాక్టరు జోసఫ్ రత్నం గుండెల కిందనుంచి కాలివేళ్ళ దాకా పిండికట్టు వేసి, ఎక్స్‌రే చూపించాడు.

"ఇవి ఎముకలా మేడమ్, నానిన అప్పడాలా? విటమిన్ డి చుక్క లేదు. ఇలాంటి ఆడపిల్లలు రోజూ వస్తున్నారు నాదగ్గరికి. మీ పొర చెడిపోయింది."

"నా పొర చెడదండి."

"మరి ఒక్క మగపిల్లాడూ రాడేం?"

మందాకిని మాట మార్చింది. మాత్రలిస్తే సరిపోదా అనడిగింది.

"పుట్టింది మొదలు పొర చాటున పెరిగిన ఒళ్ళకి మాత్రలు పట్టవండి. కిరణాలే పడాలి, రేపటినుంచే. లేదంటే వెన్నెముక కుంగిపోద్ది. అది కుంగాక నేను చేసేదేం ఉండదు. పిల్ల ఇంక లేచి కూర్చోదు."

మర్నాడు పొద్దున్నే వకుళను కిటికీ పక్కన పడుకోబెట్టారు. పిల్ల నిద్రలో మూలుగుతోంది. మందాకిని కిటికీకేసి తిరిగి పొరను నిలదీసింది.

"మా పిల్లకి కిరణాలు ఎందుకు పంపలేదు?"

"ఇంట్లో ఇష్టం లేదండి" అంది కిరణపొర, మర్యాదగా.

"ఎవరు చెప్పారు నీకు?"

"చెప్పలేదండి, మాటల్లో తెలిసింది. ఆడపిల్లలున్న చాలా ఇళ్ళలో ఇదేనండి. పిల్ల నల్లబడిపోతోందంటారు. కిటికీ దగ్గర్నుంచి లాగేస్తారు. అందుకని ఆపేశాను."

"మగపిల్లలకో?"

"నల్లగా ఉంటేనేం, మగాడు కదా అంటారండి. వాళ్ళకి పూర్తిగా ఇస్తున్నాను."

మందాకినికి ఒళ్ళు మండింది. రంగు పిచ్చితో కడుపున పుట్టినవాళ్ళ ఎముకలు పిండిచేసుకునే తల్లులు మనుషులేనా అని తిట్టిపోసింది. ఆ రోజే అన్ని ఇళ్ళ పొరల్లోంచీ ఈ వినే గుణం తీసేయించాలని తీర్మానించుకుంది.

"మా ఇంట్లో ఎవరన్నారు? మా అత్తగారేనా?"

"మీరేనండి. పాపకి నూనె రాస్తూ అన్నారు, 'నా రంగు మాత్రం రాకూడదు తల్లీ, నేను పడ్డది చాలు' అని. తరవాత కూడా చాలాసార్లు అన్నారు."

మందాకిని మంచం కోడు పట్టుకుని నేలమీద కూలబడింది. నల్లపిల్ల అని చిన్నప్పుడు తనను పెళ్ళి ఫొటోల్లో వెనక వరసలోకి నెట్టిన మేనత్తలు గుర్తొచ్చారు. వెక్కివెక్కి ఏడ్చింది. అది దొంగ ఏడుపు కాదు, నిజంగానే గుండె పగిలి ఏడ్చింది.

ఏడుపు ఆగాక పొర అడిగింది. "ఇప్పుడు మొదలుపెట్టనా అండి? ఒళ్ళంతా కట్టులో ఉంది. ముఖమూ చేతులే మిగిలాయి. రెండిటిమీదా పడాలి."

మందాకిని కూతురి ముఖంకేసి చూసింది. మీగడ రంగు. చూసినవాళ్ళంతా బుగ్గ పుణికి, అచ్చం నాన్న రంగేనే అనేవాళ్ళు. అన్నప్పుడల్లా ఆమెకు కడుపు నిండిపోయేది.

"రంగు మారుతుందా?"

"మారుతుందండి. మీ రంగుకొస్తుంది."

ఆమె పిల్ల బుగ్గ నిమిరింది.

"చేతులకివ్వు."

"చేతులొక్కటే చాలవండి. వెన్నెముక గురించి డాక్టరుగారు..."

"విన్నాన్లే" అంది మందాకిని. చీరకొంగు లాగి పిల్ల ముఖం మీద కప్పింది.