భద్రయ్య ఇచ్చిన స్మృతిహారం

ఆ ఉదయం నియోజకవర్గమంతా జ్ఞాపకాలివ్వడానికి వరుస కట్టింది. సన్మానాల్లో పూలదండలు మానేసి పాతికేళ్లయింది. ఇప్పుడంతా స్మృతిహారాలే. నుదుటికి పట్టీ కట్టుకుంటే చాలు, సన్మానం పొందేవారి గురించి మనలో ఉన్న అన్నిటికంటే బలమైన జ్ఞాపకాన్ని యంత్రమే వెతికి గాజుపూసలోకి తీస్తుంది. ఆ పూసలు మెడలో వేసుకున్నవారికి ఆ క్షణాలన్నీ తామే గడిపినట్టు ఉంటుంది.

ఈసారి సన్మానం రత్నావళిగారికి. ముప్పై అయిదేళ్లు శాసనసభలో బడుల కోసం గొంతు చించుకున్న మనిషి. రెండేళ్లుగా మతిమరుపు వచ్చి, తన పేరు తప్ప తాను చేసినదేదీ ఆవిడకు గుర్తులేదు. ఈ హారంతోనైనా ఆ జీవితం తిరిగి దక్కుతుందని జనం ఆశ.

ఆవిడ మీద ఏడుసార్లు నిలబడి ఏడుసార్లూ ఓడిన భద్రయ్య మాత్రం వరుస చివర చెమటలు కక్కుతున్నాడు. ఆఖరి పూస ప్రత్యర్థిదే కావాలన్నది ఆనవాయితీ. వేదికల మీద నవ్వులు పులుముకోవడం ఆయనకు కొట్టినపిండే. యంత్రం ముందు ఆ నవ్వులు సాగవు. తన ఏడుపంతా తీసుకెళ్లి ఆవిడ మెడలో వేలాడదీస్తే, రేపు బజార్లో తలెత్తుకునేదెలా?

"ఏదో ఒక మంచి జ్ఞాపకం చూసి తీయమ్మా," అన్నాడు, పట్టీ కడుతున్న నీలవేణితో.

"ఎంచేది నేను కాదండీ. ఏది గట్టిగా ఉంటే అదే వస్తుంది."

అందరికీ రెండు నిమిషాలు పట్టింది. భద్రయ్యకు గంటన్నర. అన్నీ ఒకే బలంతో ఉండటంతో ఒక పూస నిండి, రెండోది నిండి, నలభై అయ్యాయి. యంత్రం చేసినవాళ్లు బలమైన జ్ఞాపకమంటే ప్రేమే అనుకున్నారు పాపం! అభిమానుల దగ్గర ఉన్నది తలా ఒక్క నిమిషం. కళ్లల్లో నిప్పులు పోసుకుని ఒక్క రోజూ విడవకుండా చూసినవాడు భద్రయ్య ఒక్కడే. చెప్పులు చేత పట్టుకుని ఆవిడ బురదలో కొండమీది బడికి నడవడం, ఆడపిల్లల హాస్టళ్ల బిల్లు నెగ్గినప్పుడు తాను గ్యాలరీలోంచి చూస్తుండగా సభంతా బల్లలు చరచడం, అన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి.

హారం వేశారు. రత్నావళిగారు కళ్లు మూసుకున్నారు. కాసేపటికి ఆవిడ ముఖం ఎర్రబడింది.

"చెప్పులు పట్టుకుని కొండెక్కుతోందే, ఎవరావిడ? చూస్తుంటే నా ఒళ్లు మండిపోతోంది. ఊరూరా బడి ఆవిడే పెట్టించాలా? నేనేం చేశాను ఇన్నేళ్లూ? ఒక్క బడైనా కట్టించానా?"

"అది మీరేనమ్మా! ఆ జ్ఞాపకాలు ఈ భద్రయ్యగారివి," అన్నారు వేదిక మీదివాళ్లంతా, ఆయన్ని చూపించి.

"వెక్కిరించకండి." ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. భద్రయ్య చేయి పట్టుకున్నారు. "మీరు అక్కడే ఉన్నారుగా. మీకూ ఇలాగే మండింది. మీరు చెప్పండి, ఎవరావిడ?"

జనమంతా తననే చూస్తున్నారు. భద్రయ్య సిగ్గుతో కుంచించుకుపోయాడు. అయినా ఆ ముసలి చేతిని విదిలించుకోలేకపోయాడు.

"మీరేనండీ. నేను కుళ్లి చచ్చింది మీ మీదే. అంత పని ఇంకెవరు చేశారని ఏడుస్తాను?"

"ఒట్టు?"

"ఒట్టండీ."

"అయితే మొదటినుంచీ చెప్పండి," అన్నారు ఆవిడ, పక్క కుర్చీ చూపించి.

భద్రయ్య కూర్చుని కొండమీది బడితో మొదలుపెట్టాడు. చెబుతుంటే ఇప్పటికీ కడుపు మండుతూనే ఉంది. అయినా ఒక్క బడీ వదల్లేదు.