గడ్డం నీళ్ళు

సువర్ణ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చింది. పెర్కిట్ చౌరస్తాలో విత్తనాల దుకాణం పైనున్న డిటెక్టివ్ భూపతి ఆఫీసు మెట్లెక్కి, కుర్చీలో కూలబడి ఏడ్చేసింది.

"మా మామ మొఖం నేనే కాల్చిననంట సారూ. పొద్దుగూకేసరికి ఇల్లిడిచి పొమ్మన్నడు మా ఆయన. బిడ్డను ఇయ్యడంట. ఎనిమిదేండ్ల పిల్ల, నేను లేకుంటే బువ్వ ముట్టది."

అసిస్టెంటు కరుణశ్రీకి గుండె తరుక్కుపోయింది. భూపతి మాత్రం "మొదట్నుంచి చెప్పమ్మా" అన్నాడు. ఈయనకు మనసనేది ఉందా అని ఆమెకు నెలకోసారైనా అనుమానం వస్తుంది. తెలివిని చూసి ఓర్చుకుంటోంది.

పక్షవాతంతో కాళ్ళూ చేతులూ మాటా పడిపోయిన మామ కాశీరాంకు ఆదివారం ఆదివారం కొడుకు భూమేష్ గడ్డం గీస్తాడు. నీళ్ళు కలిపేది సువర్ణ. నిన్న గీజరు నీళ్ళలో చన్నీళ్ళు కలిపి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూసి, మగ్గు మంచం పక్కన పెట్టి, మేడ మీద బట్టలారేయడానికి వెళ్ళింది. తిరిగొచ్చి మామ కుడి చెంప మీది తువ్వాలు తీస్తే బొబ్బలు! మగ్గులో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. ఆమె కేక విని పరుగెత్తుకొచ్చిన భూమేష్‌కు కనిపించింది మగ్గు పట్టుకున్న భార్యే.

మధ్యాహ్నానికి ముగ్గురూ ఆ ఇంట్లో ఉన్నారు. వసారాలో పసుపు కొమ్ములు ఉడికించే పెద్ద కడాయి బోర్లించి ఉంది. సువర్ణ అత్త రత్నవ్వ పొయ్యి మీది టీ గిన్నెను ఉత్త చేతుల్తో దించి గ్లాసుల్లో పోసింది. భూపతి తన గ్లాసు పట్టుకోలేక కింద పెట్టాడు.

"తువ్వాల ఏసిందెవరవ్వా?"

"నేనే. కోడలు పెట్టిన నీళ్ళు సల్లగుండె. జర ఏడినీళ్ళు కలిపి చెయ్యి పెట్టి సూసిన, గోరువెచ్చగున్నయి. గడ్డం నానాలని తువ్వాల ముంచి ఏసి, పూలు తెంపనీకి పోయిన. గా ఎనుకనే గిది మసిలే నీళ్ళు పోసింది."

"ఎందుకు పోస్తది?"

"ముందు రోజే నాతోని కాదు గీ చాకిరీ అన్నది సారూ," పళ్ళు కొరికాడు భూమేష్.

సువర్ణ తల దించుకుంది. ఆ మాట అన్నది నిజమే.

"పెద్దాయన తల ఊపుతడు గదా. అడిగిండ్రా?"

"అడిగినం. కోడలా అంటే కాదన్నడు. మరెవరంటే కండ్లు మూసుకున్నడు. గామెను కాపాడుతుండు," అన్నాడు భూమేష్.

కరుణశ్రీకి ఆశ పోయింది. వాకిట్లో ఆటో వచ్చి ఆగింది. భూమేష్ సువర్ణ బట్టల సంచి తీసుకెళ్ళి అందులో పడేసి వచ్చాడు.

భూపతి అందరినీ కాశీరాం మంచం చుట్టూ కూర్చోబెట్టాడు. మూడు గిన్నెల్లో నీళ్ళు తెప్పించి థర్మామీటరు ముంచి చూసుకున్నాడు. నలభై, యాభై, అరవై డిగ్రీలు.

"అవ్వా, కండ్లు మూసుకో. నిన్నటి లెక్క గోరువెచ్చగున్నయి ఏవో చెప్పు."

"గివి సల్లగున్నయి... గివీ గంతే." మూడో గిన్నెలో చెయ్యి పెట్టింది. "ఆఁ, గివే!"

భూపతి చటుక్కున ఆమె చెయ్యి బయటికి లాగాడు. అదే గిన్నెలో వేలు పెట్టిన భూమేష్ "అమ్మో" అని వెనక్కి తీసుకున్నాడు.

"ఎన్నేండ్లు పసుపు ఉడకబెట్టినవవ్వా?"

"నలభై ఏండ్లు. కొమ్ము ఉడికిందో లేదో కడాయిలకెల్లి తీసి నేనే ఒత్తి సూద్దును. గీ చేతికి తెల్వంది లేదు."

"గా నలభై ఏండ్లల్ల చేతికి ఏడి తెల్వకుంట అయింది. టీ గిన్నె దించినప్పుడే అనుమానమొచ్చింది. సువర్ణ కలిపిన నీళ్ళు మంచిగనే ఉండె, నీ చేతికే సల్లగ తగిలినయి. పెద్దాయనకు అంతా తెలుసు. కానీ ఆయన కండ్లు మూసుకున్నది కోడలి కోసం కాదు."

రత్నవ్వ అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. "మాట రాని మనిషిని... నేనేనా? నా చేతులు ఇరిగిపోను!" మంచం పట్టెకేసి కొట్టుకోబోతే సువర్ణ పట్టుకుంది.

"పోకు బిడ్డా. నువ్వు లేకుంటే ఇగ ఆయన్ను ముట్టుకోనీకి నాకు భయం."

కాశీరాం మెల్లగా తల తిప్పి, కాలని చెంపను భార్య అరచేతికి ఆనించాడు.

సువర్ణ బయటికెళ్ళి ఆటోలోంచి సంచి దింపుకుంది. భూమేష్ వెనకే వచ్చి అందుకోబోతే ఇవ్వలేదు.